జపానులో పరిశోధక విద్యార్థి

పరిశోధక విద్యార్థి అనగా జపాను విశ్వవిద్యాలయాలలో పట్టా చదువులో చేరకుండా, ఒక ఆచార్యుని పర్యవేక్షణలో ఆరు నెలలు మొదలుకొని రెండు సంవత్సరముల వరకు పరిశోధన నేర్చుకొనే విద్యార్థి. జపాను భాషలో ఇతనిని కెన్‌క్యూసెయ్ అంటారు. కెన్‌క్యూ అనగా పరిశోధన, సెయ్ అనగా విద్యార్థి. విదేశీయులలో చాలామంది జపాను ఉన్నత విద్యలో ఈ ద్వారం గుండా అడుగుపెడతారు. ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల నుండి వెళ్ళే ఇంజనీరింగు, వ్యవసాయ, విజ్ఞానశాస్త్ర పట్టభద్రులకు కూడా ఇది పరిచితమైన మార్గమే.

ఈ కాలానికి పట్టా లేదు

ముందుగా తెలుసుకోవలసిన విషయం ఇదే. పరిశోధక విద్యార్థిగా ఎన్ని నెలలు గడిపినా, పూర్తి అయినట్లు ధృవపత్రం లభించవచ్చునే గాని ఎం.ఎస్. గాని, డాక్టరేటు గాని రాదు. ఆ పట్టాలకు ప్రత్యేకంగా ప్రవేశ పరీక్ష వ్రాసి నెగ్గవలెను. ఈ పరీక్షలు చాలా విభాగాలలో ఆగస్టు, సెప్టెంబరు నెలలలోను, మరల ఫిబ్రవరి ప్రాంతంలోను జరుగుతాయి. కాబట్టి ఒక ఏడాది శిక్షణకు వెళ్ళినవారు మొదటి ఆరు నెలలలోనే తమ దారి నిర్ణయించుకోవలసి ఉంటుంది. పరీక్ష సంగతి పట్టించుకోక, ఏడాది చివర ఖాళీ చేతులతో తిరిగి వచ్చినవారి పరిస్థితి ఇంటివద్ద ఇబ్బందికరమే. "జపాను వెళ్ళి చదివి వచ్చాడు" అని ఊరంతా అనుకుంటుంది. ఉద్యోగ దరఖాస్తులో పట్టా వ్రాసే గడి మాత్రం ఖాళీగానే ఉంటుంది.

రెండవ చిక్కు సంవత్సరాల లెక్క. జపానులో ఎం.ఎస్. స్థాయి ప్రవేశానికి సాధారణంగా 16 సంవత్సరాల విద్య అవసరం. మన బి.టెక్., బి.ఎస్సీ. (వ్యవసాయం) పట్టభద్రులకు ఆ లెక్క సరిపోతుంది. తెనాలి, రేపల్లె వంటి పట్టణాల డిగ్రీ కళాశాలలలో మూడేళ్ళ బి.ఎస్సీ. చదివినవారికి 15 సంవత్సరాలే అవుతాయి. వారి విషయంలో విశ్వవిద్యాలయం విడిగా అర్హత పరిశీలన చేస్తుంది. ఇక్కడనే ఎం.ఎస్సీ. ముగించుకొని, అక్కడ నేరుగా డాక్టరేటుకు ప్రయత్నించుట వీరికి మేలైన మార్గం.

చరిత్ర

1905లో రష్యాపై జపాను సాధించిన విజయం ఆసియా దేశాలలో గొప్ప సంచలనం కలిగించినది. భారతీయ యువకులను పారిశ్రామిక విద్యకై జపాను మొదలగు దేశాలకు పంపుటకు 1904లోనే కలకత్తాలో జోగేంద్ర చంద్ర ఘోష్ ఒక సంఘాన్ని స్థాపించాడు. స్వదేశీ ఉద్యమం, 1907లో బిపిన్ చంద్ర పాల్ జరిపిన ఆంధ్ర పర్యటన తెలుగు జిల్లాలలో కూడా స్వదేశీ పరిశ్రమలపై ఆసక్తిని రేకెత్తించాయి. అంతకు ముందే, 1898లో, మోక్షగుండం విశ్వేశ్వరయ్య జపానును సందర్శించాడు. ఆయన పూర్వీకుల గ్రామమైన మోక్షగుండం ప్రకాశం జిల్లా ప్రాంతంలో ఉన్నది.

అయినను స్వాతంత్ర్యం వచ్చిన తరువాత చాలా కాలం మనవారి చూపు పశ్చిమ దేశాల మీదనే ఉండేది. తెనాలి సమీపంలోని యలవర్రులో 1922లో జన్మించిన తోళ్ళ పరిశోధకుడు యలవర్తి నాయుడమ్మ ఉన్నత విద్యకు ఇంగ్లండు, అమెరికా వెళ్ళాడు. ఆ తరానికి అదే సహజమైన దారి.

1954 జపాను విషయంలో ముఖ్యమైన సంవత్సరం. ఆ ఏడాది అక్టోబరు 6న జపాను కొలంబో ప్రణాళికలో చేరినది. జపాను ప్రభుత్వ విదేశీ విద్యార్థి వేతనం కూడా ఆ ఏడాదే ప్రారంభమైనది. వేతనం ఇచ్చే విద్యాశాఖ పేరు మొంబుషో. 2001 జనవరిలో విజ్ఞాన సాంకేతిక సంస్థను కలుపుకొని అది మొంబుకగకుషో అయినది. పాతవారు నేటికీ "మొంబుషో స్కాలర్‌షిప్పు" అనే అంటారు.

లక్ష మంది విదేశీ విద్యార్థులను రప్పించాలని 1983లో జపాను పెట్టుకొన్న లక్ష్యం 2003లో నెరవేరినది. మూడు లక్షల లక్ష్యాన్ని 2008లో ప్రకటించి 2019లో చేరుకొన్నది. వీరిలో చైనా, వియత్నాం, నేపాలు దేశాల వారే అధికం. భారతీయులు స్వల్పం.

ఎంపిక, వేతనం

ప్రభుత్వ వేతనానికి రెండు మార్గాలు కలవు. దౌత్య కార్యాలయం సిఫారసు ద్వారా వెళ్ళుట మొదటిది, జపాను విశ్వవిద్యాలయం సిఫారసు ద్వారా వెళ్ళుట రెండవది. ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలు చెన్నైలోని జపాను కాన్సులేటు జనరల్ పరిధిలో ఉన్నాయి. బాపట్ల, తెనాలి రెండూ విజయవాడ - చెన్నై ప్రధాన రైలు మార్గంపైననే ఉన్నందున ఆ ఊళ్ళ వారికి చెన్నై ప్రయాణం ఒక రాత్రి పని. రేపల్లె వారు మాత్రం శాఖా మార్గంలో తెనాలి వచ్చి బండి మారవలెను.

దౌత్య మార్గంలో మొదట పత్రాల పరిశీలన, తరువాత ఆంగ్ల, జపాను భాషలలో వ్రాతపరీక్ష, ఆపైన మౌఖిక పరీక్ష ఉంటాయి. జపాను భాష రాకపోవుట అనర్హత కాదు. ఈ దశ దాటినవారు తమ అంశానికి తగిన ఆచార్యునికి లేఖ వ్రాసి, చేర్చుకొనుటకు సమ్మతి పత్రం సంపాదించవలెను. దీనిని నైదకుషో అంటారు. మన విద్యార్థులు తడబడేది ఎక్కువగా ఈ మెట్టు దగ్గరే. ఒకే లేఖను యాభై మంది ఆచార్యులకు పంపితే జవాబు రాదు. ఆ ఆచార్యుని వ్యాసాలు రెండు మూడు చదివి, వాటిలో ఏ ప్రశ్నను తాను ముందుకు తీసుకొనిపోగలడో వ్రాసినవారికి వచ్చే అవకాశం ఎక్కువ. దరఖాస్తులోని పరిశోధన ప్రణాళిక కూడా ఇదే ప్రాతిపదికన తూచబడుతుంది.

వయస్సు 35 సంవత్సరాలకు లోపు ఉండవలెను. 2024 నాటికి పరిశోధక విద్యార్థికి నెలకు 1,43,000 యెన్లు, కొన్ని ప్రాంతాలలో అదనంగా 2,000 లేదా 3,000 యెన్లు ఇవ్వబడేవి. బోధనా రుసుము లేదు. విమాన ప్రయాణ ఖర్చు ప్రభుత్వమే భరిస్తుంది. భాష రానివారికి మొదటి ఆరు నెలలు భాషా శిక్షణ ఉంటుంది. ఏప్రిలులో వెళ్ళినవారికి రెండు సంవత్సరాలు, అక్టోబరు ప్రాంతంలో వెళ్ళినవారికి ఏడాదిన్నర గడువు. పట్టా చదువులో ప్రవేశం పొందితే వేతనం పొడిగింపుకు దరఖాస్తు చేసుకోవచ్చును.

సొంత ఖర్చుతో వెళ్ళేవారు జాతీయ విశ్వవిద్యాలయాలలో సాధారణంగా పరీక్ష రుసుము 9,800, ప్రవేశ రుసుము 84,600, నెలకు 29,700 యెన్ల చొప్పున బోధనా రుసుము చెల్లిస్తారు. అనగా మొదటి ఏడాదికి 4,50,800 యెన్లు. ఇల్లు, తిండి దీనికి అదనం. విద్యార్థి వీసాపై ఉన్నవారు అనుమతి తీసుకొని వారానికి 28 గంటల వరకు చిన్న పనులు చేసుకోవచ్చును. కాని పరిశోధనశాలలో రాత్రి పొద్దుపోయే వరకు ఉండవలసినవారికి ఆ గంటలు దొరుకుట కష్టం. అప్పు చేసి బయలుదేరే ముందు ఈ లెక్క వేసుకొనుట అవసరం.

ప్రభుత్వ వేతనానికి దరఖాస్తు రుసుము ఎంతమాత్రం లేదు. సీటు ఇప్పిస్తామని డబ్బు అడిగే మధ్యవర్తులను నమ్మరాదు. అట్లే 1993లో మొదలైన సాంకేతిక ఇంటర్న్ శిక్షణ పథకం దీనికి పూర్తిగా వేరు. అది కర్మాగారాలు, పొలాలు, వృద్ధుల సంరక్షణ వంటి పనులకు సంబంధించినది. ఆ పథకాన్ని తీసివేసి మరొకటి ప్రవేశపెట్టుటకు 2024లో జపాను చట్టం చేసినది. రెండింటిలోను "శిక్షణ" అనే మాట ఉన్నందున కొందరు తల్లిదండ్రులు పొరబడుతున్నారు.

పరిశోధనశాల జీవితం

ఆచార్యుని సెన్‌సెయ్ అని, తనకంటె ముందు చేరినవారిని సెన్‌పై అని, తరువాత చేరినవారిని కోహై అని అంటారు. పరికరం వాడుట నేర్పేది, పొరపాటు దిద్దేది ఎక్కువగా సెన్‌పైలే. క్రొత్తగా వచ్చిన విదేశీయునికి స్థానిక విద్యార్థి ఒకరిని సహాయకునిగా నియమించుట చాలా విశ్వవిద్యాలయాలలో ఆచారం. నగర కార్యాలయంలో చిరునామా నమోదు, ఆరోగ్య బీమా, బ్యాంకు ఖాతా పనులలో అతడు తోడు వస్తాడు. జాతీయ ఆరోగ్య బీమా ఉన్నవారు వైద్య ఖర్చులో సాధారణంగా 30 శాతం మాత్రమే చెల్లిస్తారు.

వారానికొకసారి జరిగే సమావేశాన్ని జెమి అంటారు. అందులో ప్రతి ఒక్కరూ తమ పని వివరించి ప్రశ్నలకు జవాబు చెప్పవలెను. ప్రయోగశాల ఊడ్చుట, చెత్త వేరు చేయుట కూడా వంతులవారీగా అందరి పని. మన కళాశాలలలో పరికరాలు కడుగుటకు అటెండరు ఉంటాడు గనుక మనవారికి మొదట్లో ఇది వింతగా తోచుట సహజం.

భాష

జపాను లిపి కష్టం. 2010లో సవరించిన నిత్యవ్యవహార పట్టికలో 2,136 చైనా అక్షరాలు కలవు. కాని మాట్లాడే భాష తెలుగువారికి అనుకొన్నంత పరాయిది కాదు.

అక్షరమాల అ, ఇ, ఉ, ఎ, ఒ అనే అచ్చులతో మొదలై క, స, త, న, హ, మ, య, ర, వ అనే క్రమంలో సాగుతుంది. బౌద్ధం ద్వారా వెళ్ళిన సంస్కృత వర్ణక్రమం దీనికి మూలం. తవర్గంలో ఇకారం ముందు "చి", ఉకారం ముందు "త్సు" పలుకుతాయి. ఈ "త్సు" మనం "చుక్క", "చలి" అనునప్పుడు పలికే దంత్య చకారమే. త్సుకుబ అనే నగరం పేరు పలుకుట ఇతర భాషల వారికి కష్టమేమో గాని తెలుగువారికి కాదు. హ్రస్వ దీర్ఘ భేదం అర్థాన్ని మార్చుట మరొక పోలిక. ఒబసన్ అంటే పిన్ని లేక అత్త, ఒబాసన్ అంటే అమ్మమ్మ లేక నాయనమ్మ. మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. అందుచేత మనం బస్సు, గ్లాసు అన్నట్లే వారు బసు, గురసు అంటారు.

వాక్యంలో క్రియ చివరనే వస్తుంది. విభక్తులు నామానికి వెనుకనే చేరుతాయి. "వస్తాను అని చెప్పాడు" అనుటకు "కురు తో ఇత్త" అంటారు. ఇందులో "తో" మన "అని" చేసే పనినే చేస్తుంది. తెలుగులో ఆలోచించి మాటకు మాట వేస్తే వాక్యం చాలావరకు కుదురుతుంది, ఆంగ్లం నుండి వేస్తే తలక్రిందులవుతుంది. ఈ పోలికలను బట్టి సుసుము ఓనో అనే పండితుడు జపాను భాషకు తమిళంతో బంధుత్వం ఉన్నదని వాదించాడు. భాషాశాస్త్రజ్ఞులలో అధికులు దానిని అంగీకరించలేదు. నేర్చుకొనేవారికి మాత్రం ఆ వివాదంతో పని లేదు.

వరి సంబంధం

1953 ప్రాంతంలో దేశమంతటా "జపాను పద్ధతి వరిసాగు" ప్రచారం జరిగినది. ఎత్తు మళ్ళలో నారు పోయుట, ఉప్పునీటితో విత్తనం ఎంచుట, వరుసలలో నాటుట, వరుసల మధ్య కలుపు యంత్రం నడుపుట ఇందులోని ముఖ్యాంశాలు.

1945లో స్థాపించబడిన బాపట్ల వ్యవసాయ కళాశాల ఆంధ్ర ప్రాంతంలో పేరుపొందిన సంస్థ. బాపట్లలో రూపొంది 1986లో విడుదలైన బి.పి.టి. 5204 రకాన్ని సాంబ మసూరి అంటారు. దీని తల్లిదండ్రులలో ఒకటైన మసూరి, కటకంలో జరిగిన ఇండికా - జపోనికా సంకరణ పథకం నుండి పుట్టి, మలేషియాలో జపాను నిపుణుల సహకారంతో ఎంపికై 1965లో విడుదలైనది. మసూరికి జపోనికా వైపు మూలం తైచుంగ్ 65. అది తైవాను జపాను పాలనలో ఉన్న కాలంలో కమెజి, షిన్‌రికి అనే జపాను రకాలను కలిపి తయారు చేసినది. అనగా మనం రోజూ తినే సన్న బియ్యంలో కొంత జపాను అంశ ఉన్నది. అయినను అక్కడి అన్నం ముద్దగా అంటుకొని ఉంటుంది. అమైలోజు తక్కువగా ఉండుటయే కారణం. చారు, మజ్జిగ కలుపుకొనే అలవాటు ఉన్నవారికి అది వెంటనే నచ్చదు. శాకాహారులకు పెద్ద చిక్కు దషి అనే చారునీరు. కూరగాయల వంటకంలో కూడా ఎండుచేపతో కాచిన ఈ నీరు కలుస్తుంది. ఉప్పులో ఊరిన పుల్లని ఉమెబోషి మాత్రం ఊరగాయకు దగ్గరగా ఉంటుంది. టోక్యోలో భారతీయులు ఎక్కువగా నివసించే నిషి కసయ్ ప్రాంతంలో మన సరుకులు దొరుకుతాయి.

రాకపోకలు ఒకవైపే జరగలేదు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో జపాను ప్రభుత్వ సహాయంతో పనిచేసిన శాస్త్రజ్ఞులు, కంది వేళ్ళు పిసిడిక్ ఆమ్లాన్ని విడుదల చేసి ఇనుముతో బంధింపబడిన భాస్వరాన్ని గ్రహిస్తాయని 1990లో సైన్స్ పత్రికలో ప్రకటించారు.

ఇతర శిక్షణలు

ఏడాది శిక్షణ అనగానే గుర్తుకు వచ్చే మరొక సంస్థ త్సుకుబలోని అంతర్జాతీయ భూకంప శాస్త్ర, భూకంప ఇంజనీరింగు సంస్థ. ఇది 1962లో ప్రారంభమైనది. ఇక్కడి ఏడాది శిక్షణకు 2005 నుండి మాస్టర్సు పట్టా జతపడినది. 2004 డిసెంబరు 26 నాటి సునామీ తరువాత, 2006లో, సునామీ శాఖ చేర్చబడినది. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనను చూసిన రేపల్లె ప్రాంతానికి, 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను తీరం దాటిన బాపట్లకు ఇటువంటి విద్య ఎంత అవసరమో వేరుగా చెప్పనక్కరలేదు. హైదరాబాదులోని ఇన్‌కాయిస్‌లో 2007 నుండి సునామీ హెచ్చరిక కేంద్రం పనిచేస్తున్నది.

యునెస్కో సహకారంతో టోక్యో సాంకేతిక సంస్థలో 1965లో రసాయనశాస్త్ర శిక్షణ, ఒసాకా విశ్వవిద్యాలయంలో 1973లో సూక్ష్మజీవశాస్త్ర శిక్షణ ఆరంభమైనవి. టోక్యో సంస్థ 2024 అక్టోబరులో వైద్య, దంతవైద్య విశ్వవిద్యాలయంతో కలిసి క్రొత్త పేరు పొందినది. ఉద్యోగం వదలలేని అధ్యాపకులకు రోన్‌పకు అనే మార్గం 1978లో ఏర్పడినది. ఇందులో విశ్వవిద్యాలయంలో చేరకుండానే సిద్ధాంత వ్యాసం సమర్పించి జపాను డాక్టరేటు పొందవచ్చును.

తెలుగు రాష్ట్రాలలో ఇటీవలి పెద్ద ప్రయత్నం 2008లో ఏర్పడిన హైదరాబాదు ఐ.ఐ.టి.కి సంబంధించినది. దీని ప్రాంగణ నిర్మాణానికి జపాను ఋణం అందినది. జైకా సంస్థ 2012లో ప్రారంభించిన ఫ్రెండ్‌షిప్ పథకం క్రింద ఇక్కడి పట్టభద్రులు జపాను విశ్వవిద్యాలయాలలో మాస్టర్సు, డాక్టరేటు చదువులకు వెళ్ళారు. వీరు నేరుగా పట్టా చదువులలోనికే వెళ్ళినందున, పైన చెప్పిన ఖాళీ గడి సమస్య వీరికి రాలేదు.