అంబాసిడర్ గేర్ రాడ్ స్టీరింగ్ దగ్గర్నుంచి కిందకి ఎందుకు దిగింది?

ఈరోజు ఎపిసోడ్ మా నెమలి నుంచి. తిరువూరు వైపు నుంచి ఇక్కడి వేణుగోపాలస్వామి గుడికి కుటుంబాలకి కుటుంబాలే అంబాసిడర్‌లో వచ్చేవని పెద్దవాళ్ళు చెప్తారు. ముందు సీట్లోనే డ్రైవర్‌తో కలిపి ముగ్గురు. ఎలా పట్టారంటే, మధ్యలో గేర్ రాడ్ లేదు కాబట్టి.

ఈ పద్ధతి 1930ల చివర్లో అమెరికా కార్లలో బాగా పాకింది. గేర్ రాడ్‌ని స్టీరింగ్ పక్కకి ఎక్కిస్తే ముందు పొడుగు సీటు మొత్తం ఖాళీ. బ్రిటన్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 ఆధారంగా హిందుస్థాన్ మోటార్స్ 1957 నుంచి ఉత్తరపాడాలో అంబాసిడర్ తయారు చేసింది. నాలుగు గేర్లు, రాడ్ స్టీరింగ్ దగ్గరే. ట్యాక్సీ ఓనర్‌కి ఆ మధ్య సీటంటే రోజూ ఒక మనిషి కిరాయి.

మరి చిక్కు ఎక్కడ? చెయ్యి ఒక చోట, గేర్ బాక్స్ ఇంకో చోట. ఏ జత గేర్లు కావాలో ఎంచుకోవడం ఒక కదలిక, ఆ గేర్ వెయ్యడం ఇంకో కదలిక. రెండూ రాడ్లు, లివర్లు, బుష్‌ల మీదుగా కిందకి చేరాలి. ఒక్కో జాయింట్‌లో అర మిల్లీమీటర్ లూజు అనుకోండి. ఆరు జాయింట్లకి 3 మిల్లీమీటర్లు! అప్పుడే గేర్ ఇరుక్కుంటుంది. డ్రైవర్ దిగి, బానెట్ ఎత్తి, రాడ్‌ని చేత్తో కదిపి, మళ్ళీ బయల్దేరేవాడు.

1990ల మొదట్లో ఇసుజు 1.8 లీటర్ ఇంజిన్‌తో అంబాసిడర్ 1800 ఐఎస్‌జెడ్ వచ్చింది. ఐదు గేర్లు, రాడ్ కింద. పాత బండ్లవాళ్ళు కూడా ఇంజిన్, గేర్ బాక్స్ మార్పించుకోవడం మొదలుపెట్టారు. ఇక్కడే అసలు మెకానిక్ పని. కొత్త బాక్స్ మీద రాడ్ లేచే చోటు పాత సీటుకి అడ్డం రావచ్చు. అప్పుడు రాడ్ వంచాలి, లేదా కోసి వెల్డింగ్ చెయ్యాలి.

చిన్న లెక్క చూడండి. రాడ్ ఊగే బిందువుకి పైన 30 సెంటీమీటర్లు, కింద 5 ఉన్నాయనుకుందాం. లోపల 10 మిల్లీమీటర్లు కదలాలంటే చేతి దగ్గర 60 కదలాలి. పైభాగం 36 సెంటీమీటర్లు చేస్తే 72 కావాలి. గేర్ తేలిగ్గా పడుతుంది, కానీ ఫ్లోర్‌లో రంధ్రం సరిపోకపోతే రాడ్ అంచుకి తగిలి ఆగిపోతుంది. గేర్ సగమే పడుతుంది. లోడ్ మీద ఎగిరి బయటికి వచ్చేస్తుంది, లోపల పళ్ళు అరిగిపోతాయి. అందుకే ఇంజిన్ ఊగుతున్నప్పుడు కూడా ఐదో గేర్, రివర్స్ రెండూ పూర్తిగా పడుతున్నాయో లేదో చూసి, ఆ తర్వాతే ఫైనల్ వెల్డింగ్.

ఇంకో మాట. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఇలాంటి మార్పులకి హద్దులు పెట్టింది. ముందు ఆర్టీఓ దగ్గర అడగండి.

అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. కాబట్టి మార్చినా పాత రాడ్లు, బుష్‌లు పాతసామాన్లవాడికి అమ్మకండి, గుడ్డలో చుట్టి అటక మీద పెట్టండి. మీ మనవడు ఆ మధ్య సీట్లో కూర్చోవాలంటే అవే కావాలి.