తల్లుల కటిబాధ: ఒక చరిత్ర

నిండుచూలాలు మంచముపై ఒత్తిగిలుటకు బాధపడును; మెట్లెక్కుచు నడుమ నిలిచిపోవును. ‘కడుపుతో నున్నవారికి నొప్పులు సహజమే’ యని మనము ఓదార్తుము. ఆ ఓదార్పులో ప్రేమ కలదు గాని విచారణ లేదు. వైద్యశాస్త్రము సయితము చాలకాల మిట్లే నడచినది.

కటివలయమునకు ముఖ్యమైన అతుకులు మూడు: ముందు, పొత్తికడుపు దిగువను ఒకటి, వెనుక, త్రికాస్థికి ఇరుప్రక్కల రెండు. గర్భకాలమున ఇవి సడలునని ప్రాచీన గ్రీకు వైద్యులు తలచిరి. తరువాతి వారు కొందరు దానిని నమ్మలేదు. 16వ శతాబ్దపు ఫ్రెంచి శస్త్రవైద్యుడు ఆంబ్రోజ్ పరే కూడ తొలుత కాదనియే, ప్రసవించిన పిదప మరణించిన యొక స్త్రీ దేహమును చూచి తన అభిప్రాయమును మార్చుకొనెను. ఆయనకు సాక్ష్యమిచ్చినది శవము. బ్రదికియున్న తల్లుల మాట కాదు.

1870లో అమెరికా వైద్యుడు స్నెల్లింగ్ ఆ మాటకు చోటిచ్చెను. ఈ బాధ గర్భకాలమున క్రమముగనో, ప్రసవము పిదప హఠాత్తుగనో పొడసూపుననియు, నడకను అడ్డగించి వింతయైన, భయము గొలుపు అనుభూతిని కలిగించుననియు వర్ణించెను.

1926లో ఫ్రెడెరిక్ హిసా గర్భము ధరించిన జంతువుల రక్తరసమును గినీపందులకు ఎక్కించగా వాని కటిబంధనములు సడలెను. అందలి పదార్థమునకు పిదప ‘రిలాక్సిన్’ అను పేరు వచ్చినది. రహస్యము విడిపోయినట్లే తోచెను. కాని రిలాక్సిన్ పరిమాణమునకును బాధ తీవ్రతకును స్థిరమైన సంబంధము తేలలేదు. అతుకులు సడలిన వారందరును బాధపడరు.

1999లో నెదర్లాండ్స్ పరిశోధకులు ఒక సులువైన పరీక్షను గూర్చి ప్రకటించిరి. స్త్రీ వెలికిల పరుండి, మోకాలు వంచక, కాలిని జానెడెత్తు లేపవలెను. ఎంత కష్టముగ నున్నదని ఆమెనే అడుగుదురు. కటిచుట్టు పట్టీ బిగించినపుడు అదే కాలు తేలికగ లేచుట కలదు. ఇచట కొలమానము ఆమె మాటయే.

2008లో ఐరోపా నిపుణుల మార్గదర్శకములు గర్భిణులలో నూటికి సుమారు 20 మందికి ఈ బాధ యుండునని తెలిపి, దీనిని నడుమునొప్పినుండి వేరుపరచెను. పెక్కుమందికి కాన్పైన కొన్ని నెలలలో తగ్గును. కొందరిని ఏండ్ల తరబడి వెంటాడును. అట్టివారికి తగిన వ్యాయామము నేర్పవలెను.

బాలింతకు నడికట్టు కట్టుట మన పెద్దలెరిగిన పనియే. ఆ చేతులతోపాటు చెవులును ఆమెకీయవలెను. ఆమె కుంటుచు నడచునపుడు, ‘నెల దాటిన తగ్గునులే’ యనుటకు ముందు, ‘ఎచ్చట నొచ్చుచున్నదమ్మా?’ యని అడుగుదము. తగ్గనిచో వైద్యునికడకు తోడ్కొని పోదము.