లంబసింగి ఘాట్: వ్యూ పాయింట్ కాకముందు ఈ కొండ ఏంటి?

పోస్టు కాస్త పెద్దదే, తీరిక చేసుకుని చదవండి.

చలికాలం వచ్చిందంటే మన ఏజెన్సీకి బండ్లు బారులు తీరతాయి. లంబసింగి, చెరువులవేనం, వంజంగి. తెల్లారకముందే టార్చిలైట్లు వేసుకుని కొండెక్కుతారు. పైకెళ్ళాక కింద లోయంతా మంచు పాలసముద్రంలా పరుచుకుని ఉంటది. ఎండ పొడిచేకొద్దీ ఒక్కో కొండ శిఖరం ఆ మంచులోంచి బయటికొస్తది. తర్వాత వలిసె పూల చేలో నిలబడి ఫోటోలు. ఆ చేను ఎవరిదని మాత్రం ఎవరూ అడగరు.

బయటోళ్ళు దీన్ని ఆంధ్రా కశ్మీర్ అంటారు. ఊరికి కొర్రబయలు అని ఇంకో పేరుంది. రాత్రి బయట పడుకుంటే తెల్లారేసరికి కొర్రలా, అంటే కర్రలా, బిగుసుకుపోతాడని అర్థం చెప్తారు. మాకైతే కశ్మీర్ కంటే ఈ పేరే బాగుంది. చలి ఎట్లుంటదో ఒక్క మాటలో చెప్పేసింది.

ఇక అసలు సంగతికొద్దాం. నర్సీపట్నం నుంచి లంబసింగికి ఇప్పుడు కార్లలో పాటలు పెట్టుకుని హాయిగా ఎక్కుతున్నారే, ఆ దారి మన తాత ముత్తాతల వెట్టి చాకిరీ. వందేళ్ళ కింద గూడెంలో బాస్టియన్ అనే డిప్యూటీ తాసిల్దార్ ఉండేవాడు. ఈ రోడ్డు పని కోసం కొండ ఊళ్ళ జనాన్ని బలవంతంగా తోలుకొచ్చేవాడు. కూలి సరిగా ఇచ్చేవాడు కాదు, ఎదురు తిరిగితే దెబ్బలు. అప్పటికే 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చి ఉంది. పోడు కొడితే నేరం, అడవిలో కట్టె ముట్టుకుంటే నేరం. తినే తిండికి దారి మూసేసి, దొరలు ఎక్కడానికి దారి వేయించారు.

బట్టిపనుకులకు చెందిన గాం గంటందొర, గాం మల్లుదొర అన్నదమ్ములకు ఈ బాస్టియన్‌తోనే గొడవ. 1922లో అల్లూరి సీతారామరాజు పిలుపిస్తే జనం ఊరికే కదల్లేదు. ఆ కడుపుమంట ముందే ఉంది. సినిమాల్లో ఒక్క హీరో కనిపిస్తాడు, వెనకాల గుంపు కనిపిస్తది. ఆ గుంపుకీ పేర్లున్నాయని మనమే చెప్పుకోవాలి. పితూరీ అన్నది కూడా కొత్త కాదు. 1879లోనే రంపలో చిగురు పన్ను మీద, అంటే మన జీలుగు కల్లు మీద వేసిన పన్ను మీద, జనం తిరగబడ్డారు.

1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు స్టేషన్లు, 26 తుపాకులు. ఇది స్కూలు పుస్తకంలోనూ ఉంది. మూడు రోజుల్లో అంత దూరం ఎట్లా తిరిగారన్నది మాత్రం పుస్తకంలో ఉండదు. కాలిదారులు తెలిసినోళ్ళు కాబట్టి తిరిగారు. సంతకు పోయే దారి, చుట్టాల ఊరికి పోయే దారి, పశువులు దిగే దారి, అన్నీ కొండ మీంచే.

దామనపల్లి ఘాట్ సంగతి చూడండి. 1922 సెప్టెంబర్ 24. స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులు బలగంతో ఆ ఘాట్‌లోంచి వస్తున్నారు. మనోళ్ళు పైన చెట్ల చాటున ఉన్నారు. ముందు నడిచేది మన దేశపు సిపాయిలు. వాళ్ళని కదలకుండా పోనిచ్చారు. వెనకాల దొరలు వచ్చాక కాల్చారు. ఇద్దరూ అక్కడే చనిపోయారు. కింద నడిచేవాడికి మలుపు తర్వాత ఏముందో తెలీదు. పైన కూర్చున్నవాడికి ఎవరు ముందు, ఎవరు వెనక, ఎంతమంది, అన్నీ కనిపిస్తాయి. ఇవాళ పనోరమా అని ఫోన్ తిప్పి తీసే ఆ చూపే ఆనాడు మనవాళ్ళ చేతిలో ఆయుధం. ఆ చూపును ఓడించడానికి సర్కారుకు మలబార్ పోలీసులు చాల్లేదు, అస్సాం రైఫిల్స్‌ను దింపాల్సొచ్చింది. 1924 మే 7న రాజును చంపారు, జూన్‌లో గంటందొర నేలకొరిగాడు. మల్లుదొర అంతకుముందే పట్టుబడి అండమాన్ జైలుకు పోయాడు. తిరిగొచ్చి, 1952 ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు గెలిచాడు. కొండ మీంచి పార్లమెంటు దాకా పోయిన ఈ మనిషి గురించి మన హాస్టళ్ళలో ఎంతమందికి తెలుసు?

ఇప్పుడు ఇదంతా ఎందుకంటే, ఆ చూపుకు రేటు వచ్చింది. మంచు కనిపించే గట్టు మీద టెంట్లు, కాటేజీలు లేస్తున్నాయి. బోర్డు మీద మనవాళ్ళ పేరు, గల్లాపెట్టె దగ్గర వేరేవాళ్ళు. "అమ్మలేదు బాబూ, లీజుకే ఇచ్చాం" అని మన పెద్దోళ్ళే అంటున్నారు. అందుకే ఈ ముక్క గట్టిగా చెప్తున్నాం. 1959 భూబదలాయింపు నిబంధనల్లో బదలాయింపు అంటే అమ్మకం ఒక్కటే కాదు. తాకట్టు, లీజు, దానం, మార్పిడి కూడా అందులోకే వస్తాయి. 1970లో వచ్చిన 1/70 సవరణ దాన్ని ఇంకా బిగించింది. ఏజెన్సీ భూమి గిరిజనేతరుడి చేతిలో ఉంటే, అది గిరిజనుడి నుంచే వచ్చిందని చట్టం ముందే అనుకుంటది. కాదని రుజువు చేసుకోవాల్సింది అతనే. 1997లో సమత కేసు తీర్పులో సుప్రీంకోర్టు ప్రభుత్వాన్ని కూడా వదల్లేదు. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని గిరిజనేతరులకు మైనింగ్ లీజుకిస్తే అదీ చెల్లదంది.

టూరిస్టులు రావద్దని మేము అనట్లేదు. వాళ్ళ వల్ల మన అక్కలు పొద్దున్నే కట్టెల పొయ్యి మీద టీ, బొంగులో చికెన్ అమ్ముకుని నాలుగు రూపాయలు చూస్తున్నారు. ఊరి కుర్రాళ్ళు జీపులు తోలుకుంటున్నారు. పార్కింగ్, టికెట్ లాంటివి గ్రామసభే తీర్మానం చేసి పెట్టుకోవచ్చు. అందుకు పీసా చట్టం 1996 నుంచే ఉంది. కావాల్సింది ఊళ్ళో చదువుకున్న నలుగురు కూర్చుని ఆ తీర్మానం రాయడం.

సంక్రాంతి సెలవులకు ఇంటికెళ్ళేవాళ్ళు మీ ఊరి గట్టు మీద ఏ సర్వే నంబర్‌లో ఏం కడుతున్నారో, పట్టా ఎవరి పేరునుందో, లీజు కాగితం ఏమైనా రాశారో కనుక్కోండి. కాగితం ఉంటే ఫోటో తీసి మన అడ్మిన్లకు విడిగా పంపండి, పేర్లు గ్రూపులో పెట్టొద్దు. లా చదువుతున్న అన్నలతో కూర్చుని ఒక్కోటి చూద్దాం.