పరలోకంలో అమ్మ ఎవరి భార్య?

తోట్లవల్లూరులో మా ఇంటికి మొదటిసారి వచ్చినప్పుడు అతను కాఫీ వద్దన్నాడు. టీ కూడా తాగనన్నాడు. అమ్మ చిన్నబుచ్చుకుంది. పెళ్ళి మాటలకొచ్చిన మనిషి మా వైపు కాఫీ వద్దంటే సంబంధం వద్దన్నట్టే. అది వాళ్ళ మత నియమమని చెప్పాక మజ్జిగ కలిపి తెచ్చింది.

అతను హైదరాబాదు తెలుగువాడు, మోర్మన్. ఆ సంఘం అసలు పేరు యేసుక్రీస్తు కడవరి దిన పరిశుద్ధుల సంఘం. మేం సి.ఎస్.ఐ. వాళ్ళం. 1843లో నోబుల్ దొర బందరులో బడి పెట్టిన మిషను చెట్టుకి మేమొక కొమ్మ. సరిగ్గా ఆ 1843లోనే అమెరికాలో జోసెఫ్ స్మిత్ బహుభార్యాత్వాన్ని దైవాజ్ఞగా రాయించాడు. పెళ్ళికి ముందు అందరూ పిల్లవాడి ఉద్యోగం, పొలం పుట్రా ఆరా తీస్తారు. చరిత్ర పాఠాలు చెప్పుకునే నేను సిద్ధాంతం ఆరా తీశాను. 2010 నుంచి రెండేళ్ళపాటు ప్రేమా, ఈ చదువూ కలిసే నడిచాయి.

1852 ఆగస్టులో సాల్ట్ లేక్ సిటీ సభలో ఆ సంఘం బహుభార్యాత్వాన్ని మొదటిసారి బహిరంగంగా ప్రకటించింది. హిందూస్థానానికి బోధకుల్ని నియమించిందీ ఆ సభలోనే. వారిలో రిచర్డ్ బాలంటైన్ 1853లో మద్రాసులో దిగాడు. ఎక్కువ కాలం నిలవలేకపోయాడు. 1890లో అధ్యక్షుడు వుడ్రఫ్ అలాంటి పెళ్ళిళ్ళు ఇక వద్దని ప్రకటించాడు. తెలుగువాళ్ళలో ఈ సంఘం వేళ్ళూనింది 1978 డిసెంబరులో. సమోవాలో ఉండగా అందులో చేరిన ఎడ్విన్ ధర్మరాజు, ఎల్సీ దంపతులు హైదరాబాదు వచ్చారు. వాళ్ళ బంధువులు 22 మంది బాప్తిస్మం తీసుకున్నారు. 2012లో, దేశంలోనే మొదటి 'స్టేక్', అంటే స్థానిక సంఘాల కూటమి, హైదరాబాదులోనే ఏర్పడింది.

వాళ్ళ గుడిలో 'ముద్ర' పొందిన పెళ్ళి మరణంతో ముగియదు. అప్పటికి మన దేశంలో అలాంటి గుడి లేదు. బెంగళూరులో కడతామని 2018లో గానీ ప్రకటించలేదు. "డబ్బు కూడబెట్టుకుని హాంకాంగ్ వెళ్దాం" అనేవాడు అతను. మా చర్చిలో ప్రమాణం మరణం దాకానే. చావు తర్వాత కూడా నాతో ఉంటానని ఒక మగవాడు సిద్ధాంతంగా నమ్మడం నాకు ముచ్చటగానే ఉండేది. ఆ మాట దాచను.

అయితే ముద్రకీ నియమాలున్నాయి. భార్య పోయిన మగవాడు రెండో భార్యతోనూ ముద్ర పొందవచ్చు. ఆ సంఘపు పెద్దల్లో ఒకరైన డాలిన్ ఓక్స్ మొదటి భార్య 1998లో పోయాక, 2000లో మళ్ళీ పెళ్ళాడి అలాగే ముద్ర పొందారు. భర్త పోయిన స్త్రీ మాత్రం తాను బతికుండగా, మొదటి ముద్ర రద్దు చేయించుకుంటే తప్ప రెండో భర్తతో పొందలేదు. అందరూ పోయాక ఆమె తరఫున వారసులు భర్తలందరితోనూ ముద్ర వేయించవచ్చు. భూమ్మీద ఆపేసిన బహుభార్యాత్వం పరలోకంలో మిగిలే ఉందన్న భయం గురించి మోర్మన్ రచయిత్రి కెరొల్ లిన్ పియర్సన్ 2016లో ఒక పుస్తకమే రాసింది.

నాకు ఇది పుస్తకాల్లోని ప్రశ్న కాదు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో అమ్మ మొదటి భర్త కొట్టుకుపోయాడు. శవం కూడా దొరకలేదు. అమ్మకి అప్పుడు ఇరవై రెండేళ్ళు. పురుటికి పుట్టింటికి రావడంవల్ల తనూ, చేతిలో అన్నయ్యా బతికారు. మూడేళ్ళ తర్వాత నాన్నతో పెళ్ళయింది. తర్వాత నేను పుట్టాను.

ఒక సాయంత్రం కరకట్ట మీద అతన్ని అడిగాను, "అక్కడ అమ్మ ఎవరి భార్య? అన్నయ్య ఎవరింటి పిల్లవాడు?" అతను చాలాసేపు మాట్లాడలేదు. "దేవుడు అన్యాయం చెయ్యడు. అక్కడ ఎవరినీ బలవంతపెట్టరు, తేలుస్తాడు" అన్నాడు. "మగవాడి విషయంలో తేల్చాల్సిన అవసరమే రాదేం?" అన్నాను. తెలియదన్నాడు. తెలిసినట్టు నటించలేదు. అందుకే ఇవాళ్టికీ అతనంటే గౌరవం.

ఈ ప్రశ్న కొత్తదేం కాదు. ఏడుగురు అన్నదమ్ముల్ని వరసగా పెళ్ళాడిన స్త్రీ పునరుత్థానంలో ఎవరి భార్య అని సద్దూకయ్యులు యేసును అడిగారు. అక్కడ పెళ్ళిళ్ళే ఉండవని ఆయన జవాబు. మా చర్చి దానిమీదే నిలబడింది. ఆ లెక్కన అమ్మకి ఇద్దరూ దక్కరు. ఆ కథలో కూడా ఆ స్త్రీకి పేరు లేదు, ఆమెనెవరూ అడగలేదు. మన చట్టాలూ అంతే. 1856 నాటి హిందూ వితంతు పునర్వివాహ చట్టం పెళ్ళికి అనుమతిస్తూనే, మళ్ళీ పెళ్ళాడిన స్త్రీకి మొదటి భర్త ఆస్తిలో ఉన్న హక్కు ఆమె చనిపోయినట్టే లెక్కించి తీసేసింది.

ఇదంతా అమ్మకి చెప్పాను. పసుపు కొమ్ములు ఆరబోస్తూ వింది. "మొదటి పెళ్ళి మీ తాత చేశాడు. రెండోది మీ మేనమామలు చేశారు. నన్నెవరడిగారు? అక్కడ అడుగుతారని ఆ అబ్బాయి అన్నాడంటే మంచి మాటే. ఆ అడిగేదేదో ఇక్కడే మొదలుపెట్టమను" అంది.

నెల తర్వాత నేనే వద్దన్నాను. ఆ ముద్ర కింద నా పేరు పెట్టలేకపోయాను. అమ్మ ఇంట్లో నాన్న ఫోటో గోడకుంది. ఉప్పెనలో పోయినాయన ఫోటో ఇనప్పెట్టెలో పట్టుచీర మడతల్లో ఉంది. ఎవరి ఫోటో ఎక్కడుండాలో ఆ ఒక్కటీ అమ్మ తనే నిర్ణయించుకుంది.