చేయి తిరిగిన చోటు: ఉప్సలాలో ప్రోటీన్ల కొలత

ఒక ప్రోటీను మరో ప్రోటీనుతో ఎలా జతకడుతుందో, ఎప్పుడు విడిపోతుందో భౌతికశాస్త్ర పద్ధతులతో కొలిచే విద్య, పుస్తకాలకన్నా పరికరాల పక్కన చేసిన శిష్యరికం ద్వారానే ఎక్కువగా వ్యాపించింది. ఆ విద్యకు తొలి బడులలో ముఖ్యమైనది స్వీడన్‌లోని ఉప్సలా విశ్వవిద్యాలయం.

అక్కడి ఆచార్యుడు థియోడర్ స్వెడ్‌బర్గ్ 1923లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి అతిథిగా వెళ్లి, గిర్రున తిరిగే ద్రావణంలో సూక్ష్మకణాలు అడుగుకు చేరే వేగాన్ని కాంతి సాయంతో గమనించే యంత్రానికి రూపమిచ్చాడు. ఉప్సలాకు తిరిగివచ్చాక, 1924లో, హెర్మన్ రిండేతో కలిసి దానిని మెరుగుపరచి అల్ట్రాసెంట్రిఫ్యూజ్ అని పేరుపెట్టాడు. దానితో హీమోగ్లోబిన్‌ను పరీక్షించగా అణుభారం సుమారు 67,000గా తేలింది. ఒక్క ఇనుప పరమాణువు లెక్కన కట్టిన 16,700కు ఇది నాలుగింతలు కనుక, ఆ ప్రోటీను నాలుగు భాగాల కూర్పు అన్నమాట. ప్రోటీన్లు నిర్దిష్ట పరిమాణం లేని ముద్దలని అప్పటిదాకా ఉన్న నమ్మకం దీనితో సడలింది.

ఈ ఫలితం వెనుక ఉన్నది సూక్ష్మమైన చేతిపని. గురుత్వాకర్షణకు లక్ష రెట్ల బలం పుట్టించే వేగంతో తిరిగే రోటరు లోహంలో చిన్న లోపమున్నా పగిలే ప్రమాదముండేది. రాపిడి వేడి తగ్గడానికి దానిని పలుచని హైడ్రోజన్ వాయువులో తిప్పేవారు. ద్రావణం నింపే గది గోడలు సమాంతరంగా ఉంటే, కేంద్రం నుంచి విసనకర్రలా విచ్చుకునే అణువులు గోడలకు తగిలి ద్రావణంలో ప్రవాహాలు రేపి కొలతను పాడుచేస్తాయి. అందుకే గదిని వృత్తఖండం ఆకారంలో మలిచి, రెండు వైపులా క్వార్ట్జ్ పలకలు బిగించేవారు.

నత్తల రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హీమోసయనిన్ అనే భారీ ప్రోటీను, ఆమ్లత మారితే ముక్కలుగా విడిపోయి, పూర్వస్థితి వస్తే మళ్లీ కలుస్తుందని 1930లలో ఇక్కడే గమనించారు. ప్రోటీన్ల కలయికను కొలతగా చూపిన తొలి ఉదాహరణలలో ఇదొకటి. స్వెడ్‌బర్గ్ సహాయకుడిగా చేరిన ఆర్నె టిసేలియస్, విద్యుత్ క్షేత్రంలో ప్రోటీన్లను వేరుచేసే ఎలక్ట్రోఫోరెసిస్‌ను 1937 నాటికి నమ్మదగిన పద్ధతిగా తీర్చిదిద్ది 1948లో నోబెల్ బహుమతి పొందాడు. ఇతర దేశాల పరిశోధకులు ఉప్సలాకు వచ్చి, పని నేర్చుకుని వెళ్లి, తమ చోట ఆ యంత్రాలను నెలకొల్పుకున్నారు. 1940లో స్వెడ్‌బర్గ్, ఆయన సహోద్యోగి పెడర్సన్ రాసిన గ్రంథం ఈ అనుభవాన్ని అక్షరబద్ధం చేసింది. కణాలు అడుగుకు చేరే వేగాన్ని త్వరణంతో భాగిస్తే వచ్చే అవక్షేపణ గుణకపు కొలమానానికి నేటికీ స్వెడ్‌బర్గ్ పేరే ఉంది. సెకనును పది లక్షల కోట్ల భాగాలు చేస్తే అందులో ఒకటి ఆ ప్రమాణం.

1990లో అదే ఊరి నుంచి బయాకోర్ అనే పరికరం మార్కెట్లోకి వచ్చింది. గాజుపై పూసిన పలుచని బంగారు పొరకు ఒక ప్రోటీనును అతికించి, రెండవదాన్ని దాని మీదుగా పారిస్తే, రెండూ కలిసే కొద్దీ పరావర్తన కాంతిలో వచ్చే మార్పును అది క్షణక్షణం గీతగా చూపుతుంది. పరికరం చాలావరకు దానంతటదే నడుస్తున్నా శిక్షణ అవసరం తీరలేదు. ప్రోటీను అతికించని ఉత్త పొర మీద కూడా అదే గీత వస్తే అది ఆ రెండింటి కలయిక కాదని, రెండవ ప్రోటీను పొరకే అంటుకున్నదని పోల్చుకోవడం నేటి శిక్షణార్థి నేర్వవలసిన మొదటి పాఠాలలో ఒకటి.