వెన్నుపాముపై క్యాన్సర్ ఒత్తిడి: శస్త్రచికిత్స దిశ మారిన క్రమం

శరీరంలో వేరొకచోట పుట్టిన క్యాన్సర్ వెన్నుపూసలకు పాకి వెన్నుపామును నొక్కినప్పుడు, సాధారణంగా మొదట కనిపించే లక్షణం వెన్నునొప్పి. కాళ్ళ పటుత్వం, మలమూత్రాలపై అదుపు ఆ తరువాత సడలుతాయి. ఒకసారి పోయిన నడక తిరిగి రావడం కష్టం. అందువల్ల ఈ చికిత్స చరిత్రను నడకను కాపాడే ప్రయత్నాల చరిత్రగా చూడవలసి ఉంటుంది. ఆ ప్రయత్నాలు చాలాకాలం వ్యాధి ఉన్న వైపు నుండి కాక, చేరడానికి సులువైన వైపు నుండి సాగాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

1887లో లండన్‌లో విలియం గోవర్స్ రోగనిర్ధారణ చేయగా, విక్టర్ హార్స్లీ వెన్నుపామును నొక్కుతున్న గడ్డను తొలగించారు. రోగి తిరిగి నడిచాడు. అయితే అది వేరొకచోటి నుండి వ్యాపించిన క్యాన్సర్ కాదు. వెన్నుపూస వెనుక భాగాన్ని తీసివేసే లామినెక్టమీయే తరువాతి దశాబ్దాలలో వ్యాపించిన క్యాన్సర్‌కూ ప్రధాన శస్త్రచికిత్స అయింది.

1940లో అమెరికా శరీరనిర్మాణ శాస్త్రవేత్త ఆస్కార్ బాట్సన్ వెన్నెముక సిరలకు కవాటాలు లేవని, దగ్గినా ముక్కినా రక్తం వాటిలోకి మళ్ళగలదని వివరించారు. ప్రోస్టేట్ క్యాన్సర్ వెన్నుపూసలకు చేరే మార్గం దీనితో కొంత బోధపడింది. ఈ సిరల జాలమే వెన్నుపాము పొర వెలుపల కూడా వ్యాపించి ఉంటుంది. అక్కడ రక్తం స్రవించి గడ్డకట్టినా వెన్నుపాము నలుగుతుంది. మూత్రపిండ, థైరాయిడ్ క్యాన్సర్ల గడ్డలలో రక్తనాళాలు మెండుగా ఉండడం వల్ల శస్త్రచికిత్సలో రక్తస్రావ ప్రమాదం మరింత ఎక్కువ.

వ్యాపించిన క్యాన్సర్ ఎక్కువగా స్థిరపడేది వెన్నుపూస ముందుభాగంలో. లామినెక్టమీ ఆ గడ్డను అలాగే వదిలి, మిగిలిన వెనుక ఆధారాన్ని తొలగిస్తుంది. 1980లో 29 మంది రోగులపై వెలువడిన అధ్యయనంలో, రేడియేషన్‌కు లామినెక్టమీని జోడించినా అదనపు మేలు కనబడలేదు. ఇటువంటి ఫలితాలతో రేడియేషన్ ప్రధాన చికిత్సగా నిలిచింది.

2005లో ప్యాచెల్ బృందం లాన్సెట్‌లో ప్రచురించిన అధ్యయనంలో, గడ్డ ఉన్న వైపు నుండే ఒత్తిడిని తొలగించి, అవసరమైనచోట వెన్నెముకను స్థిరపరచి, పిదప రేడియేషన్ ఇచ్చారు. చికిత్స తరువాత వీరిలో 84 శాతం నడవగలిగారు. రేడియేషన్ మాత్రమే పొందినవారిలో 57 శాతం. నడక నిలిచిన మధ్యస్థ కాలం 122 రోజులు, 13 రోజులు. ఒకే చోట ఒత్తిడి ఉండి, కనీసం మూడు నెలలు జీవించగలరనుకున్న రోగులకే ఈ నిర్ణయం వర్తిస్తుంది.

కాబట్టి 1980 నాటి ఫలితం శస్త్రచికిత్సపై తీర్పు కాదు, ఒక మార్గంపై తీర్పు. ఈ రెండింటి భేదం స్పష్టం కావడానికి పాతికేళ్ళు పట్టింది.