పాత కారు ఇంజిన్ మార్చాలంటే ఎన్ని రోజులు పడుతుంది?

"రెండు రోజుల్లో ఇచ్చేస్తా భాయ్" అంటాడు ఉస్తాద్. ఆ రెండు రోజులు కాస్తా వారమవుతుంది, ఒక్కోసారి నెల కూడా దాటిపోతుంది. ఈలోగా పిల్లల స్కూలుకు ఆటో, పెద్దవాళ్లను ఆసుపత్రికి తీసుకెళ్లడానికి క్యాబ్, ఇంట్లో షాదీ ఉంటే అద్దె కారు. ఇంజిన్‌కు పెట్టిన డబ్బు ఒక ఎత్తు, కారు లేని రోజుల ఖర్చు ఇంకో ఎత్తు. అందుకే కారు షెడ్డులో వదిలే ముందే ఈ పని ఎలా జరుగుతుందో, ఎక్కడ ఆలస్యమవుతుందో తెలుసుకోవడం మంచిది.

సూటిగా చెప్పాలంటే

- అదే మోడల్ ఇంజిన్ దొరికి, సామాను అంతా చేతిలో ఉంటే: ఇంజిన్ దించి ఎక్కించే పని 1 నుంచి 2 రోజులు.
- మామూలు షెడ్డులో, చిల్లర సామాను, ట్రయల్ అన్నీ కలిపి: 4 నుంచి 7 రోజులు.
- ఉన్న ఇంజిన్‌నే విప్పి బోరు చేయిస్తే: వారం నుంచి రెండు వారాలు.
- వేరే మోడల్ ఇంజిన్ పెట్టాలంటే: కొన్ని వారాల నుంచి నెలలు. దీనికి చట్టం చిక్కు కూడా ఉంది, అది కింద చూద్దాం.

ఇంజిన్ దించేటప్పుడు ఏం జరుగుతుంది?

మన ఇళ్లలో బాగా తెలిసిన మారుతి 800నే తీసుకుందాం. 1983 డిసెంబర్‌లో రోడ్డెక్కిన ఈ కారు తయారీ 2014 జనవరిలో ఆగింది. అందులో ఉండేది 796 సీసీ, మూడు సిలిండర్ల చిన్న ఇంజిన్. బానెట్ కింద అడ్డంగా కూర్చుంటుంది.

ముందు బ్యాటరీ తీసేస్తారు. కూలెంట్, ఇంజిన్ ఆయిల్, గేర్ ఆయిల్ ఖాళీ చేస్తారు. రేడియేటర్, హోస్ పైపులు, పెట్రోల్ పైపు, యాక్సిలరేటర్, క్లచ్ కేబుళ్లు, వైరింగ్ సాకెట్లు, సైలెన్సర్ పైపు, డ్రైవ్ షాఫ్ట్‌లు ఒక్కొక్కటీ విప్పుతారు. చివరికి మౌంటింగ్ బోల్టులు తీసి చైన్ కప్పీతో ఇంజిన్‌ను పైకి లేపుతారు. చేయి తిరిగిన మెకానిక్, తోడుగా ఒక చోటా ఉంటే ఇదంతా సగం రోజు పని. కొత్తది ఎక్కించడానికి మాత్రం ఇంతకంటే ఎక్కువ సమయం పడుతుంది.

ఏసీ ఉన్న కారైతే గ్యాస్ తీసి, మళ్లీ నింపాలి. అంబాసిడర్ లాంటి బండిలో ఇంజిన్ నిలువుగా ఉంటుంది, బరువూ ఎక్కువే. కానీ బానెట్ కింద చోటు బాగా ఉంటుంది కాబట్టి చేయి ఆడుతుంది.

మరి ఆలస్యం ఎక్కడ?

అసలు ఆలస్యం పానా పట్టే పనిలో ఉండదు, ఈ నాలుగు చోట్ల ఉంటుంది.

మొదటిది తుప్పు. ఇరవై ఏళ్లుగా కదలని సైలెన్సర్ బోల్టు విప్పబోతే విరిగిపోతుంది. దాన్ని డ్రిల్ చేసి, కొత్త మరలు వేయాలి. ఒక్క బోల్టు సగం రోజు తినేస్తుంది.

రెండోది సామాను. పాత రబ్బరు పైపు ముట్టుకుంటే పగులుతుంది, మౌంటింగ్ రబ్బరు ఊడి వస్తుంది, గ్యాస్కెట్ సైజు తేడా వస్తుంది. తయారీ ఆగిపోయిన కారైతే ఆ వస్తువు కోసం నాలుగు షాపులు తిరగాలి.

మూడోది లేత్ పని. సిలిండర్ బోరు, హెడ్ ఫేసింగ్, క్రాంక్ గ్రైండింగ్ ఉస్తాద్ షెడ్డులో కావు, లేత్ షాపుకు పంపాలి. అక్కడ మీకంటే ముందు వచ్చిన పనులు వరుసలో ఉంటాయి.

నాలుగోది "అదే ఇంజిన్" అనే పొరపాటు. మారుతి ఓమ్నీలో కూడా 796 సీసీ ఇంజినే ఉండేది. కానీ ఓమ్నీలో అది ముందు సీట్ల కింద ఉండి వెనక చక్రాలను తిప్పుతుంది, 800లో ముందు చక్రాలను తిప్పుతుంది. సీసీ ఒకటే అయినంత మాత్రాన నేరుగా కూర్చుంటుందని అనుకోవద్దు. అలాగే కార్బురేటర్ కారులో ఎంపీఎఫ్ఐ ఇంజిన్ పెట్టాలంటే ఇంజిన్ ఒక్కటే సరిపోదు. ఈసీఎం, సెన్సర్లు, వైరింగ్, ప్రెషర్ ఇచ్చే పెట్రోల్ పంపు అన్నీ మార్చాలి. నెలలు పట్టేది ఇలాంటి పనులకే.

సెకండ్ హ్యాండ్ ఇంజిన్ కొనేముందు

వీలైతే ఇంజిన్ పాత కారులో ఉండగానే స్టార్ట్ చేయించి వినండి. ఆయిల్ మూత తీసి చూడండి. లోపల పాల మీగడలా తెల్లగా ఉంటే ఆయిల్‌లో నీళ్లు కలుస్తున్నట్టు అనుమానించాలి. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది. కంప్రెషన్ గేజ్ పెట్టించండి. అన్ని సిలిండర్ల రీడింగ్ దాదాపు ఒకేలా ఉండాలి. ఒకటి బాగా తక్కువ చూపిస్తే ఆ ఇంజిన్ వదిలేయడమే మంచిది.

అన్నిటికంటే ముఖ్యం కాగితం. ఏ బండి నుంచి తీశారో ఆ బండి ఆర్సీ కాపీ, ఇంజిన్ నంబరు రాసిన బిల్లు తీసుకోండి. నంబరు చెరిపేసిన ఇంజిన్ ఎంత చవకగా వచ్చినా వద్దు. అది దొంగ బండిదైతే పోలీస్ స్టేషన్ చుట్టూ తిరిగేది మీరే.

ఇంజిన్ బయట ఉన్నప్పుడే చేయించాల్సినవి

క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్, వెనక ఆయిల్ సీల్, టైమింగ్ బెల్ట్, వాటర్ పంపు, మౌంటింగ్‌లు. ఇప్పుడు వీటికి అదనపు లేబర్ పెద్దగా ఉండదు. ఆరు నెలల తర్వాత క్లచ్ పోతే గేర్‌బాక్స్ మళ్లీ దించాలి, అంటే లేబర్ రెండుసార్లు కట్టినట్టే. రేడియేటర్ కూడా శుభ్రం చేయించండి. పాత ఇంజిన్ వేడెక్కి పోయి ఉంటే, ఆ కారణం పట్టుకోకుండా కొత్తది పెడితే అదీ అలాగే పోతుంది.

ఆర్టీఏ పని మర్చిపోవద్దు

ఆర్సీలో ఇంజిన్ నంబరు ఉంటుంది. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ బండిలో మార్పుల గురించి చెబుతుంది. కంపెనీ ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట చెప్పింది. కాబట్టి పెట్రోల్ కారులో ఏదో డీజిల్ ఇంజిన్ దూర్చే ఆలోచన మానుకోండి.

అదే రకం ఇంజిన్ అయినా నంబరు మారుతుంది కాబట్టి పని మొదలుపెట్టే ముందే ఆర్టీఏ ఆఫీసులో అడిగి అనుమతి తీసుకోండి, తర్వాత ఆర్సీలో కొత్త నంబరు ఎక్కించుకోండి. ఇన్సూరెన్స్ కంపెనీకీ రాతపూర్వకంగా తెలియజేయండి. సొంత కారు ఆర్సీ 15 ఏళ్లకు ముగుస్తుంది, తర్వాత ఐదేళ్ల చొప్పున రెన్యువల్. అప్పుడు ఇన్‌స్పెక్టర్ ఇంజిన్, ఛాసిస్ నంబర్లు చూస్తారు. తేడా ఉంటే పని అక్కడే ఆగుతుంది. ప్రమాదం జరిగినప్పుడు క్లెయిమ్ దగ్గర కూడా ఇదే సమస్య ఎదురుకావచ్చు. ఈ కాగితాల పనికి పట్టే రోజులను షెడ్డు రోజులతో కలపకుండా విడిగా లెక్క వేసుకోండి.

ఎక్కించాక తొందర వద్దు

స్టార్ట్ అయిన వెంటనే కారు ఇంటికి తెచ్చుకోవద్దు. ఒక రోజు ట్రయల్‌కు వదలండి. కూలింగ్ లైన్‌లో గాలి తీశారా, ఫ్యాన్ సమయానికి తిరుగుతోందా, కింద ఆయిల్ చుక్కలు పడుతున్నాయా చూడాలి. బోరు చేసిన ఇంజిన్ అయితే మొదటి వెయ్యి కిలోమీటర్లు నెమ్మదిగా నడపండి, తర్వాత ఆయిల్, ఫిల్టర్ మార్చండి. ఆ వెయ్యి పూర్తికాకముందే కుటుంబం మొత్తాన్ని ఎక్కించుకుని దూర ప్రయాణం పెట్టుకోవద్దు.

అసలు మార్చడం లాభమేనా?

ఇంజిన్, లేబర్, చిల్లర సామాను, ఆర్టీఏ ఖర్చు అన్నీ ఒక కాగితం మీద రాయండి. పక్కనే, బాగున్న అదే మోడల్ కారు ఎంతకు వస్తుందో రాయండి. మొదటి అంకె రెండో దానిలో సగం దాటితే ఇంట్లో కూర్చుని మరోసారి మాట్లాడుకోండి. బాడీకి తుప్పు పట్టిన కారుకు మంచి ఇంజిన్ పెట్టినా ఎక్కువ కాలం రాదు. బాడీ గట్టిగా ఉండి, కాగితాలు సక్రమంగా ఉంటే మాత్రం అబ్బా కొన్న కారును ఇంకొన్నేళ్లు నడుపుకోవచ్చు.

ఉస్తాద్‌తో మాట్లాడేటప్పుడు లేబర్ ఎంత, ఏ సామాను ఎవరు తేవాలి, వారంటీ ఎన్ని రోజులు, కారు ఏ తారీఖుకు ఇస్తాడు అన్న నాలుగూ రాయించుకోండి. డబ్బు మొత్తం ముందే ఇవ్వకండి, కొంత ట్రయల్ అయ్యాక ఇవ్వండి. ఆయన రెండు రోజులంటే మీరు వారం అనుకోండి. ఇంట్లో ఫంక్షన్ ఉంటే కనీసం మూడు వారాల ముందే కారు షెడ్డుకు పంపండి.